ఒకే సరస్సు, చోటుకో నీరు: పులికాట్‌లో నీటి నాణ్యతను కొలిచే పద్ధతి

కడపలో ఒక వీధి బోరు నీళ్ళు తియ్యగా, పక్క వీధి బోరు నీళ్ళు ఉప్పగా ఉండడం మనకు చిన్నప్పటి నుంచీ తెలిసిన విషయమే. రాతి పొరల సందుల్లో ఉన్న నీరు ఒకచోటిది మరొకచోటి దానితో సులభంగా కలవదు కాబట్టి ఆ తేడా మనకు వింతగా అనిపించదు. కానీ కళ్ళ ముందు ఒకే పరపుగా కనిపించే సరస్సు దగ్గరికి వచ్చేసరికి మన విద్యార్థులు ఆ ఇంగితాన్ని మరిచిపోతారు. ఒడ్డున నిలబడి ఒక సీసా నింపుకొని వచ్చి, పులికాట్ నీటి లవణీయత ఇంత, పీహెచ్ ఇంత అని ప్రాజెక్టు నివేదికలో రాసేస్తారు. ఏ చోట, ఏ వేళ, ఎంత లోతున, పోటులోనా పాటులోనా అన్న నాలుగు మాటలు పక్కన లేకపోతే ఆ అంకెకు అర్థమే లేదు. డిగ్రీ విద్యార్థులకు రసాయనశాస్త్రం చెబుతూ వాళ్ళను వెంటబెట్టుకొని ఈ సరస్సుకు వెళ్ళివచ్చిన అనుభవంతో, ఇక్కడి నుంచి వెళ్ళేవారికి పనికొచ్చే విధంగా ఈ పద్ధతిని వివరిస్తున్నాను.

పులికాట్ సుమారు 60 కిలోమీటర్ల పొడవున, ఆంధ్రప్రదేశ్, తమిళనాడుల తీరం వెంట పరుచుకున్న ఉప్పునీటి సరస్సు. మన దేశంలో ఒడిశాలోని చిలికా తరువాత ఇదే పెద్దది. దీనికీ బంగాళాఖాతానికీ మధ్య శ్రీహరికోట దీవి అడ్డుగా ఉంది. నిండుగా ఉన్నప్పుడు విస్తీర్ణం సుమారు 450 చదరపు కిలోమీటర్లు ఉన్నా, సగటు లోతు మాత్రం ఒక మీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. ఇంత వెడల్పు, ఇంత తక్కువ లోతు అన్న ఈ ఒక్క లక్షణమే అక్కడి నీటి తీరునంతా నడిపిస్తుందని ముందే గుర్తుపెట్టుకోండి.

సరస్సులో కలిసే మూడు నీళ్ళు

కొలవడానికి ముందు అక్కడ ఏమేమి కలుస్తున్నాయో తెలియాలి. మొదటిది ఏటి నీరు. దక్షిణాన ఆరణి, పడమటి వైపు సూళ్లూరుపేట మీదుగా వచ్చే కాళంగి, ఉత్తరాన స్వర్ణముఖి నీరు కొంత ఈ సరస్సులోకి చేరుతాయి. స్వర్ణముఖి చంద్రగిరి ప్రాంతపు కొండల్లో పుట్టి శ్రీకాళహస్తి గుడి పక్క నుంచి పారుతుంది కాబట్టి రాయలసీమలో కురిసిన వాన కూడా ఈ లెక్కలో ఉందన్నమాట. మన పెన్న మాత్రం నెల్లూరు మీదుగా నేరుగా సముద్రంలో కలుస్తుంది, పులికాట్‌తో దానికి సంబంధం లేదు. రెండవది ముఖద్వారాల (మొగల) గుండా పోటుతో లోపలికి వచ్చే సముద్రపు నీరు. దక్షిణాన పళవేర్కాడు దగ్గర ఒకటి, ఉత్తరాన రాయదొరువు వైపు మరొకటి ప్రధానమైనవి. అలలు తీరం వెంట మోసుకొచ్చే ఇసుక మేట వేసి ఈ మొగలు మూసుకుపోతుంటాయి. మొగ తెరిచి ఉందా, పూడిందా అన్నది తెలుసుకోకుండా లవణీయత అంకెను వ్యాఖ్యానించడం సాధ్యం కాదు. చిలికాలో ఇదే సమస్య ముదిరినప్పుడు 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు, ఆ తరువాత అక్కడి లవణీయత మళ్ళీ కోలుకుంది.

మూడవదాన్ని నేను ప్రత్యేకంగా ఒక నీరుగానే లెక్కపెడతాను: ఎండకు ఇగిరి చిక్కబడ్డ నీరు. ఆవిరైపోయేది నీరే తప్ప ఉప్పు కాదు. లవణీయత 30 ఉన్న, అంటే కిలోకు 30 గ్రాముల లవణాలున్న నీరు ఒక మీటరు లోతున నిలిచి ఉండగా 20 సెంటీమీటర్లు ఇగిరితే మిగిలినదాని లవణీయత 37.5 అవుతుంది. అదే 20 సెంటీమీటర్లు 40 సెంటీమీటర్ల లోతున్న చోట ఇగిరితే లవణీయత రెట్టింపై 60కి చేరుతుంది. ఎండ రెండు చోట్లా ఒకటే, లోతు ఒక్కటే వేరు. ఉత్తర భాగంలో వేసవికి నీరు సముద్రం కంటే ఉప్పగా మారడం, అంచుల్లో నేల బయటపడి తెల్లని ఉప్పు పొర కట్టడం అందుకే జరుగుతుంది. సముద్రపు నీటి లవణీయత సుమారు 35, అంటే కిలో నీటిలో 35 గ్రాముల లవణాలు. పులికాట్‌లో వానల కాలంలో దాదాపు సున్నా నుంచి ఎండలకు 50 దాటే వరకు నమోదైంది.

మన జిల్లా పోరుమామిళ్ళ చెరువు కట్ట మీది 1369 నాటి శాసనం చెరువుకు ఉండకూడని ఆరు దోషాలను పేర్కొంటూ, కట్ట నుంచి నీరు ఊరడంతో పాటు ఊసర భూమిని (చౌడు నేలను) కూడా ఒక దోషంగా చెప్పింది. నీటి మంచిచెడులు అది నిలిచిన నేలను బట్టి ఉంటాయని మన పెద్దలు ఆరున్నర శతాబ్దాల క్రితమే రాయి మీద చెక్కించారు. సరస్సు దగ్గర మనం చేయబోయే పని కూడా ఆ చూపుతోనే మొదలవ్వాలి.

ముందు ఇంటి చెరువులో సాధన

పరికరాలు పట్టుకొని నేరుగా పులికాట్‌కు వెళ్ళకండి. దేవుని కడప చెరువు దగ్గర ఒక రోజు గడపండి. తెల్లవారక ముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి అదే చోట, అదే లోతున కరిగిన ఆక్సిజన్, పీహెచ్, ఉష్ణోగ్రత కొలవండి. నాచు పగలు ఎండలో ఆహారం తయారుచేసుకుంటూ ఆక్సిజన్‌ను వదులుతుంది, నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి ఆక్సిజన్, పీహెచ్ రెండూ పెరుగుతాయి. రాత్రంతా నాచు, చేపలు, బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి కాబట్టి తెల్లవారుజామున అది అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఈ తేడాను సొంత చేత్తో కొలిచి చూసిన విద్యార్థి, ఉదయం ఏడింటికి ఒక చోట, మధ్యాహ్నం రెండింటికి మరొక చోట తీసిన నమూనాలను పోల్చి రెండో చోటి నీరు మంచిదని ఎన్నడూ రాయడు.

ఇక్కడ సరిపోయిన పరికరం అక్కడ సరిపోకపోవచ్చునన్నది నాకు కష్టపడి తెలిసివచ్చిన విషయం. మా మొదటి ప్రయాణంలో బోరు నీళ్ళు పరీక్షించే ఈసీ (విద్యుత్ వాహకత) మీటరునే వెంట తీసుకువెళ్ళాను. దాని పరిమితి సెంటీమీటరుకు 20 మిల్లీసీమెన్స్. మన ప్రాంతపు ఎంత ఉప్పు బోరుకైనా అది చాలునన్న ధీమాతో పరిమితి సంగతే నేను ఆలోచించలేదు. సముద్రపు నీటి విద్యుత్ వాహకత 25 డిగ్రీల దగ్గర సెంటీమీటరుకు సుమారు 53 మిల్లీసీమెన్స్. మీటరును సరస్సులో ముంచగానే తెర మీద ఎడమ పక్కన ఒంటరిగా 1 అన్న అంకె నిలిచింది. పరిమితి దాటిందని చెప్పడానికి ఆ రకం మీటరు చూపే గుర్తు అది. పుస్తకం పట్టుకున్న అమ్మాయి దాన్ని నిజమైన కొలతే అనుకొని నమూనా తీసిన ఐదు చోట్లకూ వరుసగా 1, 1, 1 అని రాసుకుంటూ పోయింది, నేను సాయంత్రం దాకా ఆ పుస్తకం చూడలేదు. తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి మూడు నియమాలు పెట్టుకున్నాం: మీటరు పరిమితి కనీసం 100 మిల్లీసీమెన్స్ ఉండాలి, బయలుదేరే ముందు తక్కువ, ఎక్కువ వాహకత ఉన్న రెండు ప్రమాణ ద్రావణాలతో సరిచూడాలి, ప్రతి చోటా రాసిన అంకెను రెండో మనిషి చదివి సంతకం పెట్టాలి.

కేంద్రాల ఎంపిక

నమూనా తీసే చోటును కేంద్రం అందాం. ఎన్ని కేంద్రాలు కావాలన్న ప్రశ్నకు నా సమాధానం, ముప్పై కేంద్రాల్లో ఒక్కసారి కొలవడం కంటే పది కేంద్రాల్లో మూడు కాలాల్లో కొలవడం మేలన్నది. వాటిని మ్యాపు మీద గడులు గీసి సమదూరంలో పెట్టడం చూడడానికి పద్ధతిగా ఉంటుంది గానీ, నీరు ఎక్కడ మారుతుందని అనుమానమో అక్కడ దగ్గర దగ్గరగా, మారదనుకున్న చోట దూరదూరంగా పెట్టడమే ఉపయోగకరం. మొగ దగ్గర నుంచి సరస్సు లోపలి చివర వరకు ఒక వరుస తప్పనిసరి. ఏరు కలిసే చోట ఏటిలో ఒకటి, కలిసిన చోట ఒకటి, దానికి ఒక కిలోమీటరు అవతల ఒకటి ఉండాలి. రొయ్యల చెరువుల నీరు వదిలే కాలువ, ఊరి మురుగు చేరే చోటు, బకింగ్‌హాం కాలువ సరస్సును తాకే చోటు కూడా వదలకూడదు.

సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు సరస్సును అడ్డంగా దాటుతుంది. ఇటువంటి కట్ట ఉన్న ప్రతి సరస్సులోనూ కట్టకు అటు ఒకటి, ఇటు ఒకటి (ఇక్కడైతే ఉత్తరాన, దక్షిణాన), తూము నోటి దగ్గర ఒకటి పెట్టాలి. రెండు వైపులా నీటి మట్టం ఒకటిగానే కనిపించినా, కదలిక తగ్గిన వైపు నీరు ఎక్కువ కాలం నిలిచి ఎక్కువ ఇగురుతుంది. నీరు ఎంత కాలం నిలుస్తుందన్నదే చాలా గుణాలకు మూలం.

పులికాట్‌లో కొంత భాగం పక్షుల రక్షిత ప్రాంతం కాబట్టి అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం ఒడ్డు నిషిద్ధ ప్రాంతం, అటువైపు కేంద్రాలు పెట్టుకోవద్దు. చలికాలంలో రాజహంసలు (ఫ్లెమింగోలు) మేస్తున్న చోటికి పడవను తోలవద్దు. అవి లేస్తే మీకు ఒక ఫోటో దొరుకుతుందేమో గానీ, వాటికి ఒక పూట మేత పోతుంది.

కాలం, వేళ, పోటు

కడప నుంచి రాజంపేట, కోడూరు, రేణిగుంట, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా సూళ్లూరుపేట చేరడానికి సగం రోజు పైనే పడుతుంది కాబట్టి ముందు రోజు సాయంత్రానికే చేరి, తెల్లవారకముందు పడవ ఎక్కాలి. ఏడాదిలో కనీసం మూడుసార్లు వెళ్ళండి: ఈశాన్య రుతుపవనాల వానల్లో, అంటే అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తుపాను హెచ్చరిక లేని రోజుల్లో ఒకసారి, ఫిబ్రవరిలో ఒకసారి, మే నెలలో ఒకసారి. ఆ తీరానికి ప్రధానమైన వాన ఈశాన్య రుతుపవనాలదే. మనకు జూన్ తొలకరి అలవాటు కాబట్టి ఆగస్టులో అక్కడ ఏటి నీరు నిండుగా ఉంటుందని మన విద్యార్థులు పొరబడుతుంటారు.

పోటు నుంచి తిరిగి పోటుకు సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. ఆ తీరంలో పోటుపాట్ల ఎత్తు తేడా పెద్దదేమీ కాదు, అమావాస్య పౌర్ణములకు సుమారు ఒక మీటరు. సరస్సు లోతే ఒక మీటరు అయినచోట, మొగ దగ్గర ఆ తేడా చాలా మార్పు తెస్తుంది. మొగ సమీపంలోని ఒకే కేంద్రంలో పోటు మీద తీసిన నీరు సముద్రపు నీరు, పాటు మీద తీసిన నీరు సరస్సు నీరు. లోపలి చివర ఈ ప్రభావం చాలావరకు అణగిపోతుంది. అందువల్ల మొగ దగ్గరి రెండు మూడు కేంద్రాల్లో పోటుకు ఒకసారి, పాటుకు ఒకసారి తీయాలి, మిగతావాటికి గంట రాసుకుంటే చాలు.

అన్ని కేంద్రాలూ తిరగడానికి ఐదారు గంటలు పట్టినప్పుడు చోటు మారినందువల్ల వచ్చిన తేడా ఎంత, వేళ మారినందువల్ల వచ్చినది ఎంత అన్న అనుమానం మిగులుతుంది. దీనికి సులువైన విరుగుడు ఉంది. చివరి కేంద్రం పూర్తయ్యాక తిరిగి మొదటి కేంద్రానికి వచ్చి మళ్ళీ కొలవండి. రెండు కొలతల మధ్య తేడా ఆ రోజు వేళ వల్ల వచ్చిన మార్పుకు ఒక అంచనా ఇస్తుంది, కేంద్రాల మధ్య కనిపించిన తేడా దానికంటే బాగా ఎక్కువైతేనే అది చోటు వల్ల వచ్చిందని చెప్పండి. రెండు పడవలు దొరికితే రెండు కొసల నుంచి బయలుదేరి మధ్యలో ఒకే కేంద్రంలో కలుసుకొని, అక్కడ రెండు మీటర్లనూ ఒకే నీటిలో ముంచి చూడడం ఇంకా మంచిది.

పడవలో చేసే పని

లోతు తక్కువ కాబట్టి నమూనా చెడిపోవడానికి మొదటి కారణం మనమే. పడవవాడు గెడ వేసిన ప్రతి చోటా అడుగు నుంచి నల్లటి బురద మేఘంలా లేచి, నెమ్మదిగా విచ్చుకుంటూ పడవ వెంటే వస్తుంది. ఆ నీటిని సీసాలో పట్టి, ఇక్కడ మడ్డి ఎక్కువ, అమ్మోనియా ఎక్కువ అని రాయడం సరస్సు మీద వేసే అభాండం. కేంద్రానికి ఇరవై ముప్పై మీటర్ల ముందే ఇంజను ఆపించి, గెడ ఎత్తించి, గాలికి కొట్టుకుపోయేలా పడవను వదిలి, ముందు కొస నుంచి నీరు తీయండి. సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, మూతతోనే ముంచి, చేతి మోచేయంత లోతున మూత తీసి నింపాలి. పైన తేలే నురగ, జిడ్డు అందులోకి రాకూడదు. లోతు 80 సెంటీమీటర్లు దాటిన చోట అడుగుకు 20 సెంటీమీటర్ల పైన రెండో నమూనా తీయండి. వానల్లో ఏటి నీరు తేలికగా ఉండి పైన పరుచుకుంటుంది, కింద సముద్రపు నీరు నిలుస్తుంది, మధ్యాహ్నపు గాలి లేచేదాకా అవి కలవకుండానే ఉండవచ్చు.

ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత అక్కడికక్కడే మీటరుతో చూసుకోవాలి. వాహకత డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున ఉష్ణోగ్రతతో పెరుగుతుంది కాబట్టి మీటరు 25 డిగ్రీలకు సరిచేసి చూపుతోందా, లేక ఉన్నదున్నట్టు చూపుతోందా అన్నది ముందే తెలుసుకోండి. బోరు నీళ్ళకు వాహకతను 0.64తో గుణించి కరిగిన లవణాలు రాసే అలవాటు మన ప్రయోగశాలల్లో ఉంది. ఆ గుణకం మంచినీటి కోసం, దాన్ని ఇక్కడ వాడవద్దు. మీటరు లోపల లవణీయతను లెక్కించే 1978 నాటి ప్రాయోగిక లవణీయతా మానం కూడా 2 నుంచి 42 వరకే చెల్లుతుంది. మే నెలలో ఉత్తర భాగంలో మీటరు 55 చూపితే నమ్మకండి. ఆ నీటిని తూకం వేసి, అంతే బరువు స్వేదనజలం కలిపి, మళ్ళీ కొలిచి, వచ్చినదాన్ని రెండుతో గుణించండి.

మీటరును నమ్మడానికి మరో సాక్ష్యం ఉండాలి కాబట్టి, మూడు నాలుగు నమూనాలను ప్రయోగశాలకు తెచ్చి సిల్వర్ నైట్రేట్‌తో అనుమాపనం (టైట్రేషన్) చేయండి. పిపెట్‌తో 5 మిల్లీలీటర్ల నమూనాను శంకాకార ఫ్లాస్కులోకి తీసుకొని, సుమారు 50 మిల్లీలీటర్ల స్వేదనజలం, కొన్ని చుక్కల పొటాషియం క్రోమేట్ కలిపితే నిమ్మపండు పసుపు వస్తుంది. బ్యూరెట్ నుంచి 0.1 నార్మల్ సిల్వర్ నైట్రేట్ వదులుతుంటే పాలు విరిగినట్టు తెల్లని సిల్వర్ క్లోరైడ్ దిగుతుంది. చుక్క పడినచోట ఇటుక రంగు మెరిసి, ఫ్లాస్కు తిప్పగానే మాయమవుతుంది. ఆ రంగు మాయం కాకుండా మొత్తం మీద లేత ఇటుక ఛాయగా నిలిచిన క్షణంలో ఆపాలి, ముదురు ఎరుపు వచ్చేదాకా ఆగితే దాటిపోయినట్టే. ఒక మిల్లీలీటరు సిల్వర్ నైట్రేట్ 3.545 మిల్లీగ్రాముల క్లోరైడ్‌కు సమానం. అసలు సముద్రపు నీరైతే సుమారు 28 మిల్లీలీటర్లు పడుతుంది. కిలో నీటికి ఎన్ని గ్రాముల క్లోరైడ్ అన్నది లెక్కించి 1.80655తో గుణిస్తే లవణీయత వస్తుంది. లీటరు లెక్కను కిలో లెక్కలోకి మార్చేటప్పుడు నీటి సాంద్రతతో భాగించడం మరవవద్దు.

కరిగిన ఆక్సిజన్‌కు మంచి మీటరు ఉన్నా, కనీసం రెండు కేంద్రాల్లో వింక్లర్ పద్ధతితో సరిచూడమని నా గట్టి సలహా. హంగేరీకి చెందిన లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన ఈ పద్ధతికి ఖరీదైన పరికరమేదీ అక్కరలేదు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను నీటి కిందే నింపి, బుడగ ఒక్కటి కూడా మిగలకుండా మూత బిగించాలి. ఆవగింజంత బుడగలో కూడా చాలినంత ఆక్సిజన్ ఉంటుంది. పిపెట్ కొనను నీటిలోకి దించి మాంగనస్ సల్ఫేట్, ఆ తరువాత క్షార అయొడైడ్ ఒక్కో మిల్లీలీటరు చొప్పున వదిలి, మూత పెట్టి తలకిందులుగా తిప్పితే అవక్షేపం ఏర్పడుతుంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో అది మట్టికుండ రంగులో ముద్దలు ముద్దలుగా నెమ్మదిగా అడుగుకు దిగుతుంది. తెల్లగానే ఉండిపోయిందంటే ఆ నీటిలో ఆక్సిజన్ దాదాపు లేనట్టు. అక్కడ కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా వస్తే బురదలో హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతోందని పుస్తకంలో రాసుకోండి. అవక్షేపం దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, అందులోంచి 200 మిల్లీలీటర్లు తీసి, పిండి ద్రావణం సూచికగా 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో అనుమాపనం చేస్తే, పట్టిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ అవుతుంది.

ఆ అంకెను నేరుగా పోల్చకూడదు. నీరు వేడెక్కే కొద్దీ, ఉప్పు పెరిగే కొద్దీ అది పట్టుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది. 30 డిగ్రీల దగ్గర మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాములు పట్టుకుంటే, సముద్రపు నీరు సుమారు 6.2 మాత్రమే పట్టుకుంటుంది. కాబట్టి ఏరు కలిసే చోట 6.2 వచ్చిందంటే కొంత లోటు ఉన్నట్టు, మొగ దగ్గర అదే 6.2 వచ్చిందంటే లోటేమీ లేనట్టు. పట్టిక చూసి ప్రతి కొలతనూ సంతృప్త శాతంలోకి, అంటే ఆ నీరు పట్టుకోగలిగినదానిలో ఎంత శాతం ఉందన్న లెక్కలోకి మార్చాకే మ్యాపు మీద పెట్టండి.

నీటి స్వచ్ఛతకు ఇటలీకి చెందిన సెక్కి 1865లో రూపొందించిన తెల్ల పళ్ళెం పద్ధతి ఉంది: పళ్ళాన్ని నీటిలోకి దించుతూ అది కనుమరుగైన లోతును రాసుకోవాలి. పళ్ళెం అడుగుకు ఆనినా ఇంకా కనిపిస్తూనే ఉంటే, లోతును స్వచ్ఛతగా రాయకుండా, అడుగు వరకు కనిపించిందని మాత్రమే రాయండి.

పోషకాల నమూనాల్లో శుభ్రతే సగం పని. ఫాస్ఫేటు సీసాలను సబ్బుపొడితో తోమవద్దు, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, ఆపైన స్వేదనజలంతో కడగాలి. సిలికేటు నమూనాను గాజు సీసాలో ఉంచితే గాజు నుంచే సిలికా కరిగి వస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసా వాడాలి. తీసిన వెంటనే వడకట్టి ఐస్ పెట్టెలో పెట్టండి. అమ్మోనియా, కోలిఫాం (మురుగు చేరిందని సూచించే బ్యాక్టీరియా) పరీక్షలు గంటల్లో చేయవలసినవి, కడపకు తెచ్చి చేస్తే పనికిరావు. అక్కడి దగ్గరలో ప్రయోగశాల దొరికితే చేయండి, దొరకకపోతే మానేయండి.

క్రోమేట్, మాంగనీస్ కలిసిన వాడిన ద్రావణాలను ఒక్క చుక్క కూడా సరస్సులో పారబోయకూడదు. వాటి కోసం మూత గట్టిగా ఉన్న వేరే డబ్బా పెట్టుకొని వెంట తెచ్చుకోవాలి. ఆ నీటి మీద బతికే జాలరి కుటుంబాల ఎదుట మనం చేసే పని ఇది.

అంకెలు చేతికి వచ్చాక

అన్నింటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసినది ఇక్కడే. లవణీయతను అడ్డ గీత మీద, సిలికేటును నిలువు గీత మీద పెట్టి ప్రతి కేంద్రాన్నీ ఒక చుక్కగా గుర్తించండి. ఉదాహరణకు ఏటి నీటిలో లవణీయత సున్నా, సిలికేటు 200 ప్రమాణాలు అనుకుందాం, సముద్రపు నీటిలో లవణీయత 35, సిలికేటు 5 అనుకుందాం. ఈ రెండు చుక్కలనూ కలిపే సరళరేఖ, ఆ రెండు నీళ్ళూ కేవలం కలిస్తే ఏమవుతుందో చెబుతుంది. లవణీయత 17.5 ఉన్న చోట సిలికేటు 102.5 ఉండాలి. కొలిస్తే 60 వచ్చిందంటే, మధ్యలో డయాటమ్ అనే సూక్ష్మ నాచు మిగతాదాన్ని తినేసి ఉండవచ్చు. 130 వచ్చిందంటే మరెక్కడి నుంచో అదనంగా చేరుతోంది. నైట్రేటు, ఫాస్ఫేటులకూ ఇదే చిత్రం గీస్తే, ఊరి మురుగో రొయ్యల చెరువుల నీరో చేరే చోటు గీతకు పైన విడిగా నిలిచి తనంతట తానే బయటపడుతుంది.

ఇప్పుడు ఇగిరిన నీటి సంగతి. పైన చెప్పిన 17.5 నీరే ఒక మూలలో నిలిచి, నాచు ఏమీ తినకుండా సగానికి ఇగిరిందనుకుందాం. లవణీయత 35 అవుతుంది, అచ్చంగా సముద్రపు నీటి అంకె. కానీ సిలికేటు 205 అవుతుంది, సముద్రపు నీటిలో ఉన్నది 5. ఉప్పు ఒక్కటే కొలిచినవాడికి ఈ రెండూ ఒకే నీరు, మొగ నుంచి తాజా సముద్రపు నీరు వచ్చిందని ఒకరు సంతోషపడతారు, నిజానికి అది నెలల తరబడి కదలిక లేక ఇగిరిన, సగం ఏటి నీరు. ఒక్క అంకెతో సరస్సును అర్థం చేసుకోలేమని నేను పట్టుబట్టేది ఈ కారణం వల్లనే. అసలు చిత్రంలో ఏరులు ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి, నాచు ఎంతో కొంత తింటుంది కాబట్టి చుక్కలు ఇంత నీట్‌గా పడవు. అయినా దిశ తెలుస్తుంది.

లవణీయత మ్యాపు గీసేటప్పుడు లవణీయతను బట్టి నీటిని తరగతులుగా విడదీసే వెనిస్ విభజనను అనుసరించి 0.5, 5, 18, 30, 40 దగ్గర గీతలు గీస్తే ఇతరుల పనితో పోల్చుకోవడానికి వీలవుతుంది. కంప్యూటరు ప్రోగ్రాముకు అంకెలిస్తే అది చుక్కల మధ్య రంగులను అందంగా పరిచేస్తుంది గానీ, దానికి రోడ్డు కట్ట ఉందని తెలియదు. కట్టకు ఇటు 25, అటు 45 ఉంటే మధ్యలో 35 ఉన్నట్టు గీసేస్తుంది, ఆ నీరు అక్కడ ఎక్కడా లేదు. కట్టకు రెండు వైపులా విడివిడిగా గీయించండి. మొత్తం సరస్సుకు సగటు తప్పనిసరిగా కావాలంటే ప్రతి కేంద్రం ప్రాతినిధ్యం వహించే నీటి పరిమాణంతో తూచి లెక్కించి, పక్కనే కనిష్ఠ, గరిష్ఠ విలువలు రాయండి.

నీరు మంచిదా, చెడ్డదా అన్న మాట రాసేముందు ఎవరికి అన్నది తేల్చుకోవాలి. మన బోరు నీళ్ళకు వాడే తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ఇక్కడ వర్తించదు, అందులో కరిగిన లవణాలకు లీటరుకు 500 మిల్లీగ్రాములు ఆమోదయోగ్యమైన హద్దు, వేరే ఆధారం లేనిచోట 2000 దాకా అనుమతి, సరస్సు నీరు ఏ కాలంలోనూ ఆ కొలతకు తూగవలసిన నీరు కాదు. లవణీయత 20 రొయ్యకు హాయి, వరిమడికి చావు. అందుచేత నివేదికలో నాణ్యత అన్న మాట వచ్చిన ప్రతిచోటా దేనికన్నది ముందే రాయండి. ఆక్సిజన్ లీటరుకు నాలుగైదు మిల్లీగ్రాముల కంటే దిగిన కేంద్రాలను, అదీ తెల్లవారుజామున కొలిచినవైతే, చేపల దృష్టితో ప్రత్యేకంగా గుర్తించండి.

నివేదిక కళాశాలలో ఇవ్వడంతో పని పూర్తయినట్టు కాదు. మిమ్మల్ని పడవలో తిప్పిన ఊరికి లవణీయత మ్యాపు నకలు ఒకటి తెలుగులో రాసి పంపండి, ఏ కేంద్రం ఎక్కడో వాళ్ళు పిలుచుకునే పేర్లతోనే రాయండి. ఏ మొగ ఎప్పుడు పూడింది, ఏ ఏడు ఏ వైపు రొయ్య పడలేదు అన్నది వాళ్ళకు గుర్తుంటుంది. మీ అంకెల్లో అర్థం కానిదేదైనా ఉంటే రెండోసారి వెళ్ళినప్పుడు మ్యాపును వాళ్ళ ముందు పరిచి అడగండి, తరువాతి విడతకు కేంద్రాలను ఎక్కడికి జరపాలో అప్పుడు తెలుస్తుంది. తిరిగి వచ్చిన రాత్రే మీటర్ల ఎలక్ట్రోడ్లను స్వేదనజలంతో కడిగి, పీహెచ్ ఎలక్ట్రోడును దాని నిల్వ ద్రావణంలో ముంచి పెట్టండి. ఉప్పు ఆరిపోయిన ఎలక్ట్రోడు మళ్ళీ దేవుని కడప చెరువుకు తీసుకెళ్ళినప్పుడు తప్పు చెబుతుంది.